అందరికన్నా ముందు తిన్న ఇల్లాలు

గురువారం రాత్రికి గుమ్మడికాయ పులుసు అని చెప్పి వెళ్లిన మనిషి గురువారం సాయంత్రానికి ఈ లోకంలో లేదు. నౌపడ నుంచి తంతి వచ్చేసరికి గుమ్మడికాయ కత్తిపీట పక్కనే ఉంది. చింతపండు నానుతోంది. నేను బడి నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. తంతి అందుకున్న మా వారు ఒకసారి చదివి, కాగితం మడిచి, మళ్లీ విప్పి చదివి, "ఒదిన పోయిందంట" అన్నారు. ఏ వదిన అని అడిగాను. ఆయనకు వరసకి వదినలు చాలామందే ఉన్నారు. వయసు మళ్లినవాళ్లూ, మంచం పట్టినవాళ్లూ ఉన్నారు. ఆ మాట మా సూరీడమ్మ అక్కయ్యకు వర్తిస్తుందని నా బుద్ధికి తట్టనే లేదు. సోమవారం రైలెక్కేముందు నాలుగు రాత్రుల వంట వరసగా అప్పజెప్పి, శుక్రవారం బండికి వచ్చేస్తానన్న మనిషి ఆవిడ.

నౌపడలో తన అన్నగారి ఇంట్లో మధ్యాహ్నం భోజనం చేసి, గోడకు జారబడి, అలాగే కన్ను మూసిందట. నిద్రపోతోందనుకొని ఎవరూ లేపలేదట. అనాయాస మరణం పెద్దలు కోరుకునే భాగ్యమే. అది కోరుకోవలసిన వయస్సు మాత్రం ఆవిడకు రాలేదు. నలభై ఏడేళ్లు కూడా నిండలేదు. ఈ పదిహేను రోజులుగా నేను ఆ దిగ్భ్రాంతి నుంచి తేరుకోలేక, తేరుకోకుండా ఉండడానికి తీరికా లేక, ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను ఆడపిల్లల బడిలో తెలుగు పంతులమ్మను. సంస్మరణ వ్యాసాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. పిల్లల చేత రాయించాను, ఎర్రసిరాతో దిద్దాను. పోయిన ఇల్లాలిని గురించి రాయవలసి వస్తే అన్నపూర్ణ, సహనశీలి, త్యాగమూర్తి అనే మూడు మాటలు లేకుండా ఏ పిల్లా రాయదు. అందరికీ పెట్టి, మిగిలితే తిని, మిగలకపోతే మంచినీళ్లు తాగి పడుకుందని రాస్తారు. మా అక్కయ్యకు ఆ వ్యాసం పనికిరాదు. రేషను కార్డు మీద తప్ప మరే కాగితం మీదికీ ఎక్కని ఆ పేరును మొదటిసారి అచ్చులో చూస్తున్నప్పుడు నేను అబద్ధం రాయలేను. మా అక్కయ్య ప్రతి సాయంత్రం, ఇంట్లో అందరికన్నా ముందు, పీట వేసుకొని కూర్చుని కడుపునిండా తినేది.

ఆవిడ నాకు తోడబుట్టిన అక్క కాదు, తోటికోడలు. విజయనగరంలో స్టేషనుకు నడిచిపోయే దూరంలో మాది పెంకుటిల్లు. అసలు ఊరు కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లె. మడిచెక్కలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. బావగారు గూడ్సు బండికి గార్డు. ఆయనకు డ్యూటీ ఎప్పుడు పడుతుందో ఆయనకే తెలియదు. స్టేషను నుంచి మనిషి పుస్తకం పట్టుకొచ్చి సంతకం పెట్టించుకున్నాక, క్యారేజీ సర్దుకోవలసిందే. మా వారు జూటు మిల్లులో ఉద్యోగి. ఆయన షిఫ్టు వారానికొక తీరు. అక్కయ్య కూతురు కుమారికి సాయంత్రాలు ఫిడేలు పాఠం. ఇంటికి పెద్ద మా అత్తమ్మ. ఆవిడ మంగళవారం, శనివారం రాత్రి అన్నం ముట్టదు. చోడంబలి మాత్రం తాగుతుంది. అక్కయ్యతో, నాతో కలిపి ఆరుగురం. ఆరుగురికీ ఆకలి ఒకే వేళకు వేసిన రాత్రి నెలకు ఒకటో రెండో.

నేను కాపురానికి వచ్చిన రెండోరోజో మూడోరోజో చూశాను. సందెదీపం పెట్టి, దేవుడికి బెల్లంముక్క చూపించి, సరిగ్గా ఆరు గంటలకు అక్కయ్య వంటింట్లో తన పీట వేసుకుంది. మధ్యాహ్నం అన్నంలో మజ్జిగ పోసుకొని, ఉల్లిపాయ కొరుక్కుంటూ నింపాదిగా తినడం మొదలుపెట్టింది. మా పుట్టింట్లో మా అమ్మ నాన్నగారి విస్తరి ఎత్తాక గాని మంచినీళ్లయినా తాగేది కాదు. అక్కయ్య నా మొహం చూసి, "ఏటి పంతులమ్మా, అలగ సూస్తన్నావు? నువ్వూ రా" అంది. అప్పటికి నాకు ఉద్యోగం రాలేదు. చదువుకున్న పిల్లనని ఆ పేరు ముందే పెట్టేసింది.

అత్తమ్మ మాత్రం సరిగ్గా ఆ వేళకు లేచేది. "మొగోలు తినకుండా ఆడది తినీడమేటో, కలికాలం" అని గొణుక్కుంటూ వీధి అరుగు మీదికి వెళ్లిపోయేది. అక్కయ్య చెయ్యి కడుక్కున్న చప్పుడు వినిపించాక గాని లోపలికి వచ్చేది కాదు. ఆ మధ్యలో ఇరుగుపొరుగువాళ్లు ఎవరైనా వస్తే అరుగు మీదే కూర్చోబెట్టి, అక్కర్లేని కబుర్లన్నీ చెప్పేది. కోడలు తినడం కంటితో చూడలేక పోతోందని, ఇంటిగుట్టు వీధిలో పడకుండా కాపు కాస్తోందని నేను అనుకునేదాన్ని.

అందరికన్నా ముందు తినడమెందుకని ఒకనాడు అక్కయ్యనే అడిగాను. ఆవిడ చెప్పిన కథ ఇది. కొత్తకోడలిగా పల్లెలో ఉన్నప్పుడు కోతల రోజుల్లో పన్నెండుమందికి వండవలసి వచ్చింది. పద్ధతి ప్రకారం పచ్చిమంచినీళ్లు ముట్టకుండా వండింది. కళ్లు తిరిగి, పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. మగవాళ్లు మాట్లాడకుండా తిని లేచి, "నౌపడ పిల్ల గదా, ఆల్లకి ఉప్పుకి కరువేటి" అని చెరువుగట్టు దాకా నవ్వుకుంటూ పోయారు. ఆవిడ తండ్రి ఉప్పుమళ్లలో పనిచేసినవాడు. ఆ ఒక్క మాటతో పుట్టింటి పరువు పోయిందని ఆవిడ బాధ. ఆ మర్నాటి నుంచి ముందు తను తిని, తరువాత పొయ్యి రాజేసింది.

"ఆకలిమీద కొలిస్తే సెయ్యి తప్పుతాది, పంతులమ్మా. కడుపు కాలతంటే గంపెడు వొండుతాం, నేకపోతే ఉన్నది సాలదని ఏడుస్తాం. నిండిన కడుపుకే ఎదుటోడి ఆకలి సరిగ్గా కనపడతాది."

ఈ మాట ఆవిడ ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. అత్తమ్మ వినేటట్టే అనేది.

నాకు బడిలో ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో తుఫాను రేగింది. బడి విడిచాక వ్యాసరచన తరగతి చూసుకొని ఇల్లు చేరేసరికి అయిదున్నర దాటుతుంది. అత్తమ్మ, "ఈయమ్మ వొచ్చేసరికి దీపాలెడతారు. అదొక్కర్తీ ఎంతమందికని వొండుతాది? ఉద్యోగం ఒగ్గీమను" అంది. బావగారు మెత్తని మనిషి, తల్లి మాటకు ఎదురాడరు. మా వారు కిటికీలోంచి వీధి చూస్తూ ఉండిపోయారు. నా చదువంతా గంగలో కలిసిందనుకున్నాను. ఏడుపు మింగి నిలబడి ఉంటే, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అక్కయ్య తల ఎత్తకుండా అంది:

"నెల్రోజులు సూడండత్తా. ఈ నెల్లాళ్లలో ఒక్క రాత్రి ఎవలైనా కూడుకోసం కాసుకొని కూకున్నారంటే, మర్నాడే పంతులమ్మ రాజీనామా రాసిచ్చేస్తాది."

నన్ను ఒక్కమాట అడగలేదు. నా ఉద్యోగం ఎత్తుకెళ్లి పందెంలో పెట్టేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ తరువాత వంటింట్లో నిలదీస్తే, "అడిగితే బయపడతావు. బయపడ్డోల్లు బేరానికి పనికిరారు" అని చిక్కుడుకాయల ఈనెలు నా చేతికిచ్చి పెరట్లో పారెయ్యమంది.

సరే, పందెం పెట్టాక గెలవాలి కదా అని నేను నా పాండిత్యం ప్రదర్శించాను. పెద్ద దళసరి కాగితం తెచ్చి, గళ్లు గీసి, ఎర్రసిరాతో వారాలు, నల్లసిరాతో వంటలు, పక్కన వచ్చేవాళ్ల వేళలు రాసి వంటింటి గోడకు అంటించాను. చూడ్డానికి బహు సుందరంగా ఉంది. అక్కయ్యకు చదువు రాదన్న సంగతి నాకు గుర్తులేదు. పోనీ చదివి వినిపిద్దామంటే, మంగళవారానికే మా వారి షిఫ్టు మారింది, బావగారికి పలాస డ్యూటీ పడింది, కుమారికి పాఠం గురువారానికి జరిగింది. నా కాగితం మాత్రం ఏమీ ఎరగనట్టు సోమవారం నాటి సత్యాలే వల్లిస్తోంది. "బొమ్మ బాగున్నాది" అని అక్కయ్య మెచ్చుకుంది. రెండురోజుల తరువాత అది ఉసిరికాయ పచ్చడి జాడీకి వాసెనగుడ్డ మీద కట్టి కనిపించింది.

ఆవిడ పద్ధతి వేరు. ఆదివారం సాయంత్రం వసారాలో అందరినీ కూర్చోబెట్టేది. ఎవరికి ఏ పని, ఎప్పుడు వస్తారు, ఎవరింట్లో పేరంటం, ఎవరికి పరీక్ష అన్నీ చెప్పించుకునేది. చేతిలో ఏదో ఒక పని నడుస్తూనే ఉండేది. అందరూ చెప్పాక వారం మొత్తం వంట ఒక్క ఊపులో చెప్పేసేది. అందులో ఆవిడకొక శాస్త్రం ఉంది. "ఆలీసంగా వొచ్చేవోలికి పులుసు, యేలకొచ్చేవోలికి ఏపుడు." పులుసు నిలవున్నకొద్దీ రుచి, వేపుడు చల్లారితే గడ్డి. కాబట్టి మా వారు ఆలస్యంగా వచ్చే వారమంతా బెల్లం పులుసూ, ఆనపకాయ పులుసూ. అందరూ వేళకు వచ్చే రోజు కోసం బెండకాయలు ఎదురుచూస్తూ ఉండేవి. బావగారు క్యారేజీతో వెళ్లే రోజు నువ్వుపొడి అన్నమో, పులిహోరో. నాకు దిద్దవలసిన కాగితాలు ఎక్కువగా ఉన్న రోజు పొద్దుటి పొయ్యి ఆరకముందే నివురు మీద పప్పు ఉడికిపోయి ఉండేది. నేను వచ్చి తాలింపు పెడితే చాలు. వారానికి కావలసిన పొడులు ఆదివారమే దంచేసేవాళ్లం. ఆవపిండి మాత్రం ఏ పూటకాపూట నూరవలసిందే. దాని దగ్గర ఆవిడ రాజీపడేది కాదు.

వారం మధ్యలో మారే వాటికి పీటలు. వంటింటి గోడకు ఆరుగురి పీటలూ వరసగా ఆనించి ఉండేవి. ఎవరి పీట వారిది. పొద్దున్న బయటికి వెళ్లేటప్పుడు ఎవరి పీట వాళ్లు సర్ది వెళ్లాలి. నిలువుగా ఉంటే వేళకు వస్తాను అని. అడ్డంగా ఆనిస్తే ఆలస్యం. నేలమీద బోర్లించి పెడితే ఈ రాత్రి ఇంట్లో తినను అని. మధ్యాహ్నం అక్కయ్య ఒక్క చూపు చూసి బియ్యం ఎన్ని సోలలో తేల్చేసేది. పీట బోర్లిస్తే కొంపకు మంచిది కాదని అత్తమ్మ మొత్తుకునేది. "మన్సులు పస్తుంటే కొంపకి మంచిదేటి?" అని అక్కయ్య జవాబు.

ఇరవై రోజులు నల్లేరు మీద బండిలా సాగింది. ఇరవై ఒకటోనాడు నేను చేసిన ఘనకార్యం రాస్తాను. ఆ రోజు మా వారికి మిల్లు స్నేహితుడి ఇంట్లో విందు. పొద్దున్నే పీట బోర్లించి వెళ్లారు. మధ్యాహ్నం బడి గేటు దగ్గరికి వచ్చి, వాళ్ల పిల్లాడికి జ్వరమట, విందు లేదు, పీట లేపమని ఒదినకి సెప్పు అన్నారు. సరేనన్నాను. నా తల నిండా మూడునెలల పరీక్షల కాగితాలు. ఇంటికి వచ్చాను, తాలింపు పెట్టాను, వడ్డించాను, అందరితో తిన్నాను. ఆ పీట నా కళ్లెదుట బోర్లాపడి ఉంది. నాకు గుర్తు రాలేదు.

గిన్నెలు కడిగి బోర్లించేశాక మా వారు వచ్చి, "ఒదినా, ఆకలి దంచేస్తన్నాది" అని గుమ్మంలో నిలబడ్డారు. అక్కయ్య పీట వంక చూసింది, నా మొహం వంక చూసింది. మరో ఇంట్లోనైతే వండిన మనిషి వాటా అట్టేపెట్టి ఉంటుంది, అది తీసి పెట్టేస్తారు. మా ఇంట్లో వండిన మనిషి ఆరింటికే తినేసింది. అన్నం మెతుకు లేదు. ముందుగదిలో మంచం మీద అత్తమ్మ మేలుకొనే ఉంది. ఆయన పీట వాల్చి కూర్చుంటే నా ఉద్యోగం పోయినట్టే.

"మరిదీ, సొక్కా ఇప్పీసి నూతికాడికెల్లు" అంది అక్కయ్య. "తొట్టి నింపీయి. రేపు అత్తకి తలంటు."

"ఇప్పుడా?" అన్నారాయన.

"పొద్దున్న ఎవలికి కాళీ? బేగెల్లు. నిండుగా నింపాల."

ఆయన గొణుక్కుంటూ వెళ్లారు. మా తొట్టి నిండాలంటే నలభై చేదలు తోడాలి. అక్కయ్య నా వైపు తిరిగి, "నిలబడి ఏడవకు. ఎసరెట్టు" అంది. కిరసనాయిలు స్టవ్వు వెలిగించాను. ఆవిడ బియ్యపురవ్వ కొలిచింది, పిడికెడు పెసరపప్పు, ఎండుమిరపకాయలు, జీలకర్ర. ఆ చెయ్యి తొట్రుపడలేదు. నిండిన కడుపు చెయ్యి అని నాకు అప్పుడు అర్థమైంది. నేను ఆ గండంలో ఒక్కదాన్నే ఉంటే ఉప్పు రెండుసార్లు కాదు, మూడుసార్లు వేసేదాన్ని. నూతి దగ్గర గిలక చప్పుడు ఆగేసరికి విస్తరి వేసి ఉంది, ఉప్పిండి పొగలు కక్కుతోంది, పక్కన ఆవకాయ ఉంది. ఆయన వచ్చి కూర్చున్నది కూడు ముందే.

"ఉప్పిండేటి ఈ యేలప్పుడు?" అన్నారు.

"నీకిష్టమని."

నిజంగా ఇష్టమేమో, గిన్నె ఊడ్చేశారు.

మర్నాడు పొద్దున్న అక్కయ్య నువ్వులనూనె గిన్నెతో అత్తమ్మ ముందు కూర్చుంది. "తలంటని నాకెవలూ సెప్పనేదే" అంది అత్తమ్మ. "సెప్పినానత్తా, నువ్వినలేదు" అంది అక్కయ్య. తొట్టెడు నీళ్లూ పోయించుకొని, తల ఆరబెట్టుకుంటూ ఆ రోజంతా అత్తమ్మ సంతోషంగానే ఉంది.

నెల నిండిన ఆదివారం సభ తీరింది. నేను గడప దగ్గర నిలబడ్డాను. అత్తమ్మ గొంతు సవరించుకుంది.

"ముప్పై రాత్రులూ సూసినాను. ఎవలూ కూడుకోసం కాసుకొని కూకోనేదు. ఒకడు మాత్రం తొట్టి నింపినాడు." ఆగి అందరి మొహాలూ చూసింది. "పంతులమ్మని బడికెల్లమనండి. నాకు వారానికోపాలి తలంటు సేయించండి."

అక్కయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నవ్వాలో, అత్తమ్మ కాళ్లకు దణ్ణం పెట్టాలో తెలియక రెండూ చేశాను. ఆనాటి నుంచి ఈనాటి దాకా నేను బడికి వెళుతున్నానన్నా, నా చేతికింద ఇంతమంది ఆడపిల్లలు నాలుగక్షరాలు నేర్చుకున్నారన్నా, దాని మూలం ఒక గిన్నెడు ఉప్పిండి. నా నియామకపు ఉత్తర్వు మీద సంతకం చేసినవారు వేరు, నా ఉద్యోగం నిలబెట్టిన మనిషి వేరు.

ఆవిడకు కోపం రాదని రాయను. వచ్చేది. పీట సర్దకుండా వెళ్లినవాళ్లకు ఆ రాత్రి అంబలే గతి, సొంత మొగుడైనా సరే. బావగారు ఒకసారి పీట నిలువుగా పెట్టి, స్టేషను దగ్గర స్నేహితులతో మిరపకాయ బజ్జీలు తిని వచ్చి, నాకొద్దు అన్నారు. అక్కయ్య పోట్లాడలేదు. ఆయన వాటా అన్నం మర్నాడు పొద్దున్న చల్దిగా ఆయన ముందే పెట్టి, తినేదాకా కదలలేదు. డెబ్బై పెట్టెల బండిని నడిపించుకొచ్చే గార్డుగారు తల వంచుకొని తిన్నారు. "పాతిక స్టేషన్లు దాటినా ఇంటి సిగ్నలు దగ్గర ఆగక తప్పదు" అని తరువాత నాతో నవ్వుతూ అన్నారు.

పదిహేను రోజుల కిందటి సోమవారం ఆవిడ పుట్టింటికి బయలుదేరింది. అన్నగారికి మనవడు పుట్టాడు, చూసి రావాలి. నాలుగు రాత్రుల వంట నాకు ఒప్పజెప్పింది. సోమవారం పప్పుచారు, మంగళవారం వంకాయ, బుధవారం అరటికాయ ఆవపెట్టి, గురువారం గుమ్మడికాయ పులుసు. శుక్రవారం తను వచ్చేస్తుంది. ఆ రాత్రి అదృష్టవశాత్తు అందరూ వేళకు ఇంట్లో ఉంటారు. ఒకే పంక్తి, బెండకాయ వేపుడు. అన్నీ చెప్పి, తన పీట తనే నేలమీద బోర్లించి, సంచి పట్టుకొని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఆరింటికి తినడం మర్సిపోకు" అంది. అలాగేనన్నాను.

తినలేదు. అత్తమ్మ ఎదుట అంత ధైర్యం నాకెక్కడిది? పైగా అక్కయ్యకు చెల్లింది, నాకు చెల్లుతుందా అనే సంకోచం. సోమవారం అన్నం తపేలా సగం మిగిలింది. మంగళవారం చాలక నేను అత్తమ్మ అంబలిలో వాటాకు వెళ్లాను. బుధవారం కుమారి, "పిన్నీ, ఆవపిండి ఎంతేశావు?" అని కళ్లనీళ్లు తుడుచుకుంది. శుక్రవారం అక్కయ్య వచ్చాక ఇవన్నీ చెబితే ఎలా నవ్వుతుందో ఊహించుకుంటూ గురువారం ఇంటికి వచ్చాను. ఆ తరువాతది మొదటే రాశాను.

నౌపడలో, ఉప్పుమళ్లకు ఇవతల, కార్యం జరిగింది. పదకొండు రోజులు చుట్టాలు వచ్చారు, వండారు, పెట్టారు, ఏడ్చారు, వెళ్లారు. మొన్న సోమవారం మళ్లీ మామూలు రోజు వచ్చింది. బావగారికి పిలుపు వస్తే సంతకం పెట్టి డ్యూటీకి వెళ్లారు. మా వారు మిల్లుకు వెళ్లారు. పాఠానికి వెళ్లనని కుమారి మొండికేస్తే, అత్తమ్మే ఫిడేలు పెట్టె చేతికిచ్చి పంపింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు గాని, వెళ్లేముందు అందరూ పీటలు సర్దే వెళ్లారు. అయిదు పీటలు గోడకు ఉన్నాయి. ఆరోది మూలన నేలమీద, ఆవిడ బోర్లించినది బోర్లించినట్టే ఉంది. పదిహేను రోజులుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పీట బోర్లిస్తే మంచిది కాదని నేను ముందే చెప్పలేదా అని అత్తమ్మ ఒక్కసారైనా అంటుందని భయపడ్డాను. అనలేదు.

బడి నుంచి వచ్చి, దీపం పెట్టి, బియ్యం డబ్బా ముందు సోల పట్టుకొని నిలబడ్డాను. రెండు పీటలు నిలువు, రెండు అడ్డం, ఒకటి నాది. లెక్క సులువే. అయినా చెయ్యి ఆడలేదు. పొద్దుటి నుంచి నేనూ ఏమీ తినలేదు. ఎంతసేపు నిలబడ్డానో, వెనక అత్తమ్మ గొంతు వినిపించింది.

"ఏటాలోసిస్తన్నావు?"

"ఎన్ని సోలలో తెలియడం లేదు అత్తమ్మా."

ఆవిడ మూలకు వెళ్లింది. నడుము వంగదు, అయినా వంగి, అక్కయ్య పీటను రెండు చేతులతో లేవదీసింది. కొంగుతో దుమ్ము తుడిచింది. తెచ్చి పొయ్యి పక్కన వాల్చింది.

"కూకో. ముందు నువ్వు తిను. ఆకలిమీద కొలిస్తే సెయ్యి తప్పుతాది."

ఇరవై ఏళ్లుగా గొణుక్కుంటూ తిట్టిన నోటితోనే అంది. మధ్యాహ్నం అన్నంలో తనే మజ్జిగ పోసింది, ఉల్లిపాయ చితక్కొట్టి పక్కన పెట్టింది. నేను కూర్చోలేక నిలబడే ఉంటే, భుజం పట్టుకొని కూర్చోబెట్టింది.

"నాను అరుగుమీద కూకుంటాను. ఎవలొచ్చినా ఆపుతాను. దానికి ఇరవై యేల్లు ఆపినాను. నీకు ఆపలేనా?"

గోడ పట్టుకొని మెల్లగా వీధిలోకి వెళ్లిపోయింది. వంటింట్లో నేను ఒక్కదాన్నే మిగిలాను. ఇరవై ఏళ్లు ఆ అరుగు మీద ఆవిడ చేసినదేమిటో, అక్కడ చెప్పిన అక్కర్లేని కబుర్లన్నీ ఎవరికోసమో నాకు అప్పుడు తెలిసింది. అక్కయ్యకు ముందే తెలుసనుకుంటాను. లేకపోతే అంత నింపాదిగా తినగలిగేది కాదు. నేను ఏడ్చాను. ఏడుస్తూనే తిన్నాను.

సూరీడమ్మ అక్కయ్యా, నీవంటి మనిషి మళ్లీ మా ఇంటికి రాదు. నీ స్థానం అనితరసాధ్యమని పెద్దమాట రాయగలను, అది నిజమే కూడా. కాని నువ్వు పెద్దమాటలను జాడీలకు కట్టేసే మనిషివి. అందుచేత నీకు పనికొచ్చే మాట ఒక్కటి చెప్పి చెయ్యెత్తి నమస్కరిస్తాను. మొన్న సోమవారం రాత్రి గుమ్మడికాయ పులుసే పెట్టాను. ముందు వచ్చినవాళ్లూ తిన్నారు, ఆలస్యంగా వచ్చినవాళ్లూ తిన్నారు. అన్నం సరిగ్గా సరిపోయింది.